వర్జిల్ బాబాయి మస్టాంగ్‌లో షెవర్లే ఇంజను

మంగళవారం వస్తే చాలు, పద్నాలుగో నంబరు స్కూలు బస్సు దారిలో ఆగిపోయేది. మిగతా రోజులు బుద్ధిగా తిరిగేది. ఓహాయోలో బ్లాంచర్డ్ నది పక్కనున్న ఆ ఊరి బస్సుల షెడ్డులో ముగ్గురు మెకానిక్కులు దానికి మార్చని సామాను లేదు. లోర్నా ఫెటర్స్ అక్కడ చేరి అప్పటికి నెల కాలేదు. ఒక మంగళవారం పొద్దున చేతిలో పానా కూడా లేకుండా వెళ్ళి పిల్లల మధ్య కూర్చుంది. ఆ రోజు బడిలో బ్యాండు క్లాసు. అన్నిటికన్నా పెద్ద బాకాను పెట్టెతో సహా డ్రైవరు పక్కన పెడతారు. ఆ బరువుకి నేలరేకు కుంగి కింద ఇంజనుకు పోయే ఒక వైరును నొక్కుతోంది. అంతే సంగతి.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆ షెడ్డులో ఆమె మాటకు ఎదురు లేదు. లోర్నా చేతి పనితనం కన్నా కుతూహలం ఎక్కువైన మనిషి. బాగుచేసి ఊరుకోదు, ఎందుకు చెడిందో తెలిసేదాకా అన్నం సహించదు.

ఆమె తండ్రి తమ్ముడు వర్జిల్‌కి ఎనభై ఏళ్ళు. జీవితమంతా ఫోర్డ్ వాళ్ళ ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఫోర్డ్ తప్ప ఇంకో కారెక్కితే ఒంటికి పడదన్నట్టు బతికాడు. ఆయన 1969 ఫోర్డ్ మస్టాంగ్‌కి ఒక శరదృతువులో రేడియేటర్ గొట్టం కారితే, తాత్కాలికంగా సరిపోతుందని, చలికి గడ్డకట్టని ద్రవం బదులు ఉత్త నీళ్ళు పోసి, ఆ సంగతి మరిచిపోయాడు. జనవరిలో నీళ్ళు గడ్డకట్టి ఇంజను బ్లాక్ పగిలింది.

"వేలు పెడితే తెలుస్తోంది బాబాయ్, పగులు," అంది లోర్నా కారు కింద నుంచి.

వర్జిల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "తప్పు నాదే. తీసుకుపోవే. నీ దగ్గరుంటే మళ్ళీ రోడ్డెక్కుతుంది. మంచి ఫోర్డ్ ఇంజను చూసి వెయ్యి."

రెండు నెలలు వెతికింది. దొరికినవన్నీ అరిగిపోయినవే. ఒక రోజు తుక్కు యార్డులో వెనక భాగం నుజ్జయిన పికప్ ట్రక్కు కనిపించింది, ఫోర్డ్‌కి బద్ధశత్రువైన షెవర్లే కంపెనీది. ఇంజనుకు గీత కూడా పడలేదు. ఊరికే టేపు పెట్టి కొలిచింది. వెడల్పు చూసి మళ్ళీ కొలిచింది. ఇది అందులో పడుతుందా? ఆ ప్రశ్న ఒకసారి బుర్రలోకి వచ్చాక ఇక పోలేదు.

"షెవర్లేనా!" వర్జిల్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "మా నాన్న ఉంటే నిన్ను వాకిట్లోంచి తరిమేవాడు."

"తాత ఉంటే టేపు రెండో చివర పట్టుకునేవాడు."

ఆయన పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు లోర్నా పంపిన ఆపిల్ పై వంటకం గిన్నె తిరిగివ్వడానికి అంటూ వచ్చి, ఆమె ఇంటి వెనక షెడ్డులో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. గిన్నె ఇచ్చేశాక కూడా లేవలేదు. మర్నాడు సాకు లేకుండానే వచ్చాడు.

ఇంజను చైన్ పుల్లీతో దిగింది కానీ కూర్చోలేదు. దాని అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌కి లోతు వెనకవైపుంది. మస్టాంగ్‌లో సరిగ్గా అక్కడే స్టీరింగు రాడ్డు అడ్డంగా పోతుంది.

"చూడు, కారే ఒప్పుకోవడం లేదు," అన్నాడు వర్జిల్, సంతోషం దాచుకోకుండా.

"ఒప్పుకోనిది కారా, నువ్వా?"

లోర్నా చాంబర్‌ని కోసి, లోతును ముందుకు తెచ్చి అతికింది. ఆయిలు పీల్చే గొట్టాన్నీ అటే జరిపింది. నీళ్ళు పోసి చూస్తే రెండు చోట్ల కారింది. మళ్ళీ అతికింది. ఇంజనును కారుకి పట్టి ఉంచే మౌంటింగులు కొలత కోసం మూడుసార్లు అట్టముక్కతో చేసుకుని, నాలుగోసారి ఇనుముతో చేసింది.

ఏప్రిల్లో ఒక శనివారం మధ్యాహ్నం తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి గర్జించి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే.

"కక్కేస్తోంది!" వర్జిల్ తొడ చరిచాడు. "మా మస్టాంగ్‌కి రుచి తెలుసే!"

లోర్నా పెట్రోలు చూసింది, వస్తోంది. స్పార్కు చూసింది, బాగుంది. మూడు రోజులు తల పట్టుకుని, చివరికి గడియారం పట్టుకుంది. పదిసార్లు తిప్పితే పదిసార్లూ సరిగ్గా రెండు సెకన్లకే ఆగింది.

"చెడిపోయినదైతే ఇంత టంచనుగా ఆగదు బాబాయ్. ఎవరో కావాలని ఆపుతున్నారు."

"దెయ్యమా ఏంటి?"

"కంప్యూటరు. ఇంజనుతో పాటు ట్రక్కులోంచి తెచ్చాం కదా."

ట్రాక్టర్ల కంప్యూటర్లు సరిచేసే మార్విన్ షాఫ్ అనే రైతును పిలిచింది. అతను ల్యాప్‌టాప్ తగిలించి చూసి నవ్వాడు. "అక్కా, ఇది పాత ట్రక్కు తాళం కోసం చూస్తోంది. నువ్వు దొంగవనుకుని ఆపేస్తోంది."

ఆ తనిఖీని తీసేశాడు. ఈసారి ఇంజను ఆగలేదు. కిటికీ అద్దాలు వణికాయి. లోర్నా నవ్వుతూ తిరిగి చూస్తే వర్జిల్ కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఇందులో సిలిండర్లు ఏ వరసలో మండుతాయే?" అన్నాడు.

లోర్నా పుస్తకం చూసి అంకెలు చదివింది. వర్జిల్ తల అడ్డంగా ఊపాడు. తన పాత ఇంజను అంకెలు ఆయనకి కంఠతా వచ్చు. రెండూ కలవలేదు. అయినా లేచి, నొప్పి మోకాళ్ళతోనే నేలమీద కూర్చుని, సిలిండర్లకి గుర్తుగా, ఇటు నాలుగు అటు నాలుగు చొప్పున, సుద్దతో ఎనిమిదేసి సున్నాలు రెండు చోట్ల గీశాడు.

"అంకెలొద్దు. మేం ఫోర్డ్ వాళ్ళం ఒక పక్క నాలుగూ లెక్కపెట్టి రెండో పక్కకి పోతాం. ఈ షెవర్లే వాళ్ళు అటొకటి ఇటొకటి లెక్కపెడతారు. ఏ అంకె ఎక్కడుందో, ఆ చోటు చెప్పు."

లోర్నా చెబుతుంటే ఆయన ఒక్కొక్క సున్నా మీదా వేలు పెట్టాడు. రెండో బొమ్మలో తన వరసను అదే చోటు నుంచి మొదలుపెట్టాడు. ఎనిమిదీ అయ్యాయి. ఆయన మొదటి నుంచి మళ్ళీ చేశాడు.

"ఒకటే వరస," అంది లోర్నా నెమ్మదిగా.

"అందుకే మన బండిలాగే వినిపించింది." సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "షెవర్లే వాళ్ళు ఇన్నాళ్ళకి దారికొచ్చారన్నమాట."

మార్విన్ ఫక్కున నవ్వాడు. లోర్నా బాబాయిని చంకల కింద చేతులేసి లేపింది.

ఆ వేసవిలో కార్ల ప్రదర్శనకి మస్టాంగ్‌ని తీసుకెళ్ళారు. బానెట్ ఎత్తగానే ఫోర్డ్ అభిమానులు ముఖం చిట్లించారు. ఒకాయన వర్జిల్‌ని భుజం పట్టుకుని, "పెద్దాయనా, నీ బండికి ఎంత పని చేశారు!" అని వాపోయాడు. వర్జిల్ జేబులోంచి సుద్దముక్క తీసి, "ఇలా కూర్చో, నీకొకటి చూపిస్తా," అంటూ అక్కడే తారురోడ్డు మీద సున్నాలు గీయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆరుగురికి చూపించాడు. ఇద్దరు నమ్మలేదు.

తిరుగు ప్రయాణంలో మొక్కజొన్న చేల మధ్య రోడ్డు మీద లోర్నా వేగం పెంచింది. గంటకి అరవై మైళ్ళు దాటగానే సీటు కింద ఏదో సన్నగా వణికింది.

"విన్నావా?" అంది.

"నీ చక్రాలు," అన్నాడు వర్జిల్.

"చక్రాలైతే స్టీరింగులో తెలియాలి." వేగం తగ్గించింది, పెంచింది, మళ్ళీ తగ్గించింది. ఇంటి మలుపు వచ్చినా తిప్పకుండా, వింటూ, నేరుగా పోనిచ్చింది.