రొట్టె మీద ఓటు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

నలభై ఏళ్ల కిందట జనగామలో మా నాయిన శవపేటిక పక్కన నిలబడి మా చర్చి సంఘ పెద్ద ఒకాయన నాకు మాట ఇచ్చాడు. "ఈసారి మనోణ్ని గెలిపించు తమ్మీ, ఏడాది తిరగకముందే మనకు సమాధుల జాగ వస్తది" అన్నాడు. మనోడు గెలిచాడు. ఐదేళ్లు కుర్చీలో కూర్చున్నాడు. ఏటా క్రిస్మస్‌కు మా మందిరంలో కేకు కోశాడు. జాగ మాత్రం రాలేదు. మా నాయిన ఇప్పటికీ కాలువ గట్టున, ఎవరిదో పొలం అంచున ఉన్నాడు. క్రైస్తవుడు ఏలితే క్రైస్తవులు బాగుపడతారని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది అందుకే. మొన్న పంచాయతీ ఎన్నికలప్పుడు ఆ మాట అన్నది నా సొంత మేనల్లుడు.

యోహాను భూపాలపల్లి దగ్గర ఒక ఊళ్లో పాస్టరు. ఆ ఊరి బడిలోనే నేను పదకొండేళ్లు పాఠాలు చెప్పాను. "మామా, ఆదివారం నువ్వు రావాలె. క్రైస్తవ ప్రభుత్వం మన ఊరి నుంచే షురువైతది" అని ఫోన్ చేశాడు. ఆ రోజు ప్రభు బల్ల, అంటే నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. దానికి ముందు సంఘమంతా కుడి చెయ్యెత్తి, తమ అభ్యర్థికే ఓటేస్తామని ప్రమాణం చేయాలట. చెయ్యెత్తనివాళ్లకు రొట్టె లేదట. సగం సంఘం నా విద్యార్థులే కాబట్టి నేను వెళ్లి ఆశీర్వదించాలట. సరే వస్తున్నానన్నాను. ఆపడానికి వస్తున్నానని చెప్పలేదు.

శనివారం పొద్దున ఏడున్నర ప్రాంతంలో జనగామలో రైలెక్కాను. జనరల్ టికెట్ డెబ్బై రూపాయల లోపే. కాజీపేట దాకా నిలబడ్డాను, అక్కడ సీటు దొరికింది. తొమ్మిదిన్నర దాటాక మహబూబాబాద్‌లో దిగాను. భూపాలపల్లికి ఇది చుట్టుదారి. అయినా వెళ్లింది, యోహాను వాళ్లమ్మ, అంటే నా చెల్లెలు రాహేలు, అక్కడ ఉంటుంది కాబట్టి. తల్లి మాటైనా వింటాడేమోనని ఆశ. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడుతూ నా మాటంతా విని నవ్వింది.

"పాస్టరయ్యేదాక నా కొడుకే అన్నా. ఇప్పుడు నేనే వానికి వందనాలు చెప్పాలె. నీ లొల్లి నువ్వే చూస్కో."

"నువ్వు పెంచిన పోరడే కదా?"

"నువ్వు చదివిచ్చినవ్. ఎక్కువైంది చదువే."

పదకొండు గంటలకు నర్సంపేట బస్సెక్కాను. అక్కడి నుంచి ఇంకో బస్సులో ములుగు, ములుగు నుంచి షేర్ ఆటోలో గణపురం. ఎక్కి దిగడాలన్నీ కలిపి నాలుగు గంటలు పట్టింది. గణపురంలో కోటగుళ్లు చూడకుండా వెళ్లకండి. కాకతీయుల కాలం నాటి రాతి గుళ్ల గుంపు అది. విరిగిన స్తంభాలు, కూలిన కప్పులు, వాటి మధ్య వెలుగుతున్న ఒక దీపం. కట్టించిన రాజ్యం పోయి ఏడు వందల ఏళ్లయింది. ఆ దీపంలో నూనె పోసేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. రాజు అండ లేకుండా దేవుడికి దిక్కులేదనుకునే నా మేనల్లుణ్ని అక్కడ అరగంట కూర్చోబెట్టాలనిపించింది.

అక్కడి నుంచి ఊరికి తీసుకెళ్లిన ఆటో అతను లంబాడీ తండా మనిషి. నేను దేనికి వచ్చానో అడిగి తెలుసుకుని హారన్ కొట్టినంత గట్టిగా నవ్వాడు. "మా తండ సర్పంచు మావోడే తాతా. నీళ్ల నల్లా మాత్రం ఆయన ఇంటి ముంగటనే ఆగింది."

ఆదివారం పదిన్నరకు మందిరం నిండింది. ముందు వరసలో మరియమ్మ కూర్చుంది. ముప్పై ఏళ్లుగా ఆ సంఘానికి బల్ల రొట్టె కాల్చేది ఆమే. ఆ రొట్టె పులియని పిండితో, ఉపవాసముండి కాల్చాలి. తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి, పాస్టరు అడిగినప్పుడు ఆమె చేత్తోనే బల్ల మీద పెట్టాలి. అది అక్కడి ఆనవాయితీ. ఆమె పక్కన అభ్యర్థి దేవయ్య, కొత్త తెల్లచొక్కాలో, చెమటలు కక్కుతూ ఉన్నాడు.

నన్ను మాట్లాడమన్నారు. జనం పట్టుబట్టి రాజును చేయబోతే యేసు ఒంటరిగా కొండెక్కిపోయాడని గుర్తు చేశాను. క్రైస్తవ రాజులు ఏలిన దేశాల్లో మంటల్లో కాలినవాళ్లలోనూ క్రైస్తవులే ఎక్కువన్నాను. మనవాణ్ని ఎన్నుకోవడంలో తప్పు లేదు, దేవుడి పేరుతో మెడలు వంచడమే తప్పన్నాను. యోహాను ముఖం మాడింది. నేను అక్కడితో ఆగాల్సింది. పాత కసి ఆగనివ్వలేదు.

"ఈ సర్పంచు సీటు ఎస్సీ రిజర్వు కదా దేవయ్యా. నీ సర్టిఫికెట్‌లో మతం ఏమని ఉంది?"

హిందువు అని ఉంటుంది. క్రైస్తవుడని రాస్తే రిజర్వేషన్ పోతుంది. అక్కడున్న ప్రతి ఇంట్లోనూ అదే కాగితం ఉంది.

"మామా," అన్నాడు యోహాను మెల్లగా, "నీ నౌకరీ ఏ కాగితం మీద వచ్చింది?"

"అదే కాగితం మీద" అన్నాను. దాచడానికేముంది? "తప్పు దేవయ్యది కాదు, నాదీ కాదు. నీ దేవుడెవరో చెప్పు, ఆ తర్వాతే నీ హక్కు సంగతి చూస్తానన్న సర్కారుది. రేపు నీ సర్కారొస్తే అదే ప్రశ్న నువ్వడుగుతవ్. ఇయ్యాల రొట్టె కాడ్నే అడుగుతున్నవ్."

వాడు నన్ను పట్టించుకోలేదు. "చెయ్యెత్తుండ్రి" అన్నాడు. కొన్ని చేతులు లేచాయి, కొన్ని సగంలో ఆగాయి. "రొట్టె తే అవ్వా" అన్నాడు.

మరియమ్మ లేవలేదు. "అయ్యగారూ, ప్రభువు పేరు మీద కాల్చిన. సర్పంచు పేరు మీద కాల్చలే. చెయ్యెత్తనోళ్లకు లేదంటే ఎవ్వలికీ లేదు" అని గుడ్డను ఇంకో మడత వేసి ఒళ్లో పెట్టుకుంది.

చివరికి లేచింది దేవయ్య. "జర ఆగుండ్రి. నాకు ప్రమాణం వద్దు. ఇంటింటికి పోయి అడుక్కుంట" అన్నాడు. చేతులన్నీ దిగాయి. మరియమ్మ రొట్టె బల్ల మీద పెట్టింది. అందరం తిన్నాం. నేనూ తిన్నాను.

దేవయ్య గెలిచాడు. గుడికి వెళ్లేవాళ్లూ, దర్గాకు వెళ్లేవాళ్లూ కూడా ఓటేశారట. వాళ్లను అడిగింది ఓటు ఒక్కటే, దేవుణ్ని కాదు. క్రైస్తవుడు పదవిలోకి రావడానికీ, క్రైస్తవ మతం పదవిలోకి రావడానికీ ఉన్న తేడా ఇంతకన్నా తేటగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మనకు కావాల్సింది ఎవరి దేవుణ్నీ అడగకుండా బతికున్నవాడికి రేషనూ, చచ్చినవాడికి ఆరడుగుల జాగా ఇచ్చే సర్కారు. మనకూ, పక్కవాడికీ. దీనిమీద నాకు అనుమానం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: నాలాగా చుట్టు తిరగకండి, హనుమకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి నేరుగా బస్సుంది. శనివారమే చేరుకుంటే కోటగుళ్లకు తీరిగ్గా వెళ్లిరావచ్చు.

తర్వాతి నెల బల్లకు రొట్టె భూపాలపల్లి బేకరీ నుంచి వచ్చింది. "నా చేతులకు శుద్ధి లేదన్నడట సారూ" అని మరియమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏడవలేదు. పిండి ఏం చేయాలో తోచక కోళ్లకు వేసిందట. మూడు నెలలైంది, ఆమెను మళ్లీ పిలవలేదు. ఓట్లడిగి ఊళ్లేలే నాయకులను నేను తిట్టుకోవడం ఇప్పుడు మానేశాను, వాళ్లు ఎవరి రొట్టె మీదా చెయ్యి వేయలేదు. ముప్పై ఏళ్ల ఆ చేతులను పక్కకు నెట్టినవాడు నా చెల్లెలి కొడుకు, నేను అక్షరాలు దిద్దించినవాడు, పాస్టరు యోహాను.