మాబున్ని సెలవడిగింది

రియాద్‌లో ఆ పెద్దింటికి వంటకు ఒకరు, పిల్లలకు ఒకరు, గచ్చు కడగడానికి ఇద్దరు. మాబున్ని మాత్రం నవ్వించడానికి. రాయచోటి నుంచి ఆమె వచ్చింది కూడా గచ్చు కడగడానికే. ఒకరోజు చీపురు పట్టుకుని, ఇంటికొచ్చిన చుట్టం నడక నడిచి చూపిస్తూ పెద్దావిడ కంటబడింది. తిడుతుందనుకుంటే పడీపడీ నవ్వింది. ఇంకేముంది, ఆడవాళ్ళు కూడే సాయంత్రాలన్నీ మాబున్ని మెడకు చుట్టుకున్నాయి.

లండన్‌లో చదివొచ్చిన పెద్దావిడ మనవరాలు ఓసారి చెప్పింది. పూర్వం యూరప్ రాణుల కొలువుల్లో అచ్చం నీలాంటి ఆడవాళ్ళుండేవారట, నవ్వించడమే పనట, ఎవర్ని ఏమన్నా శిక్ష లేదట. "అదృష్టవంతురాళ్ళు! మరి వాళ్ళకు సెలవెవరు ఇచ్చేవాళ్ళో?" అంది మాబున్ని. దానికీ నవ్వారు.

నవ్వరూ మరి! ఆమెకు పేరు తెచ్చిన ఆటే సెలవడిగేది. పనివాళ్ళంతా పెద్దావిడను మామా అని పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు. ఆ మామా కాళ్ళ దగ్గర తివాచీ మీద పడి, రొమ్ము బాదుకుని, "మామా, మా అమ్మ చచ్చిపోయింది, ఒక్క పూట పంపు మామా" అని వచ్చీరాని అరబ్బీలో రాగం తీసేది. పెద్దావిడ కడుపు పట్టుకుని నవ్వి, ఆ వారం శుక్రవారం సెలవిచ్చేది. మాబున్ని ప్రాణమంతా ఆ శుక్రవారాల మీదే. ఆ ఊళ్ళోనే బతా అనే పేటలో ఒక్క గదిలో కూతురు షహజాది, అల్లుడు ఖాజావలి, అప్పుడప్పుడే అడుగులేస్తున్న మనవరాలు ఉండేవారు.

ఖాజావలి పనిచేసే సెల్‌ఫోన్ల కొట్లో ఇక సౌదీవాళ్ళే పనిచెయ్యాలని సర్కారు చెప్పింది. ఎక్కడో చిన్న పని దొరికిందిగాని, పెళ్ళాంబిడ్డల్ని దగ్గరుంచుకున్నందుకు తలకింతని లెవీ కట్టాలని ఇంకో పిడుగు పడింది. చేసేది లేక తల్లీబిడ్డల్ని ఊరికి పంపెయ్యడానికి ఎగ్జిట్ ముద్ర కొట్టించాడు.

గురువారం మధ్యాహ్నం షహజాది ఫోను చేసింది. "అమా, ఈ రాత్రికే పోతాండాం. వచ్చి పాపనొక్కసారి ఎత్తుకోమా. మళ్ళ ఎప్పుడు చూచ్చావో ఏమో."

"ఏడవగాకు. వచ్చాండా," అంది మాబున్ని.

దేవుడా, తిన్నగా పోయి పెద్దావిడను ఒంటరిగా అడిగుంటే సరిపోయేది కదా! ఆమెకు అలవాటైన దారి వేరు. ముందు నవ్వించాలి, నవ్వుతుండగా అడగాలి. కాఫీకి చుట్టాలు చేరాక మాబున్ని వాళ్ళలో ఒకావిడ నడక నడిచింది, ఇంకొకావిడ దగ్గు దగ్గింది. హాలంతా గొల్లుమంది. అప్పుడు మోకాళ్ళ మీద పడింది. "మామా, నా కూతురు ఇవాళే ఊరికి వెళ్ళిపోతోంది. ఒక్క గంట పంపు మామా." కన్నీళ్ళు ధారగా కారాయి.

చప్పట్లే చప్పట్లు. "ఈసారి అమ్మ కాదు, కూతురట!" అంది ఎవరో.

"వల్లా, అల్లా మీద ఒట్టు, నిజం మామా! నిజం!"

ఆ మాటా ఆటలో ఉన్నదే. ఇంకా నవ్వారు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "మళ్ళీ చెయ్యి," అంది.

మాబున్ని తలుపు వైపు చూసింది. ఆ తలుపు దాటాలంటే వీళ్ళ నవ్వే దిక్కు. మళ్ళీ చేసింది. ఇంకా బాగా చేసిందన్నారు. పాడు నవ్వులు! మామూలుగానే శుక్రవారం సెలవిచ్చారు.

మర్నాడు డ్రైవరు బతాలో దింపాడు. ఇచ్చిన సెలవు వద్దంటే మళ్ళీ ఇవ్వరేమోనని భయపడి వచ్చింది. ఖాజావలి అప్పటికే బ్యాచిలర్ల గదికి మారిపోయాడు. తాళం వేసిన తలుపు ముందు మెట్ల మీద కూలబడింది. ఎవరూ లేరు కదా, కడుపారా ఏడుద్దామనుకుంది. తీరా గొంతు విప్పితే ఆ ఆటలో రాగమే వచ్చింది.