సున్నం కింద పన్నెండు మాటలు

మా ఇంట్లో ముఖ్యమైన సంగతులన్నీ గోడకే రాసేవాళ్లం. ఫొటోలు కడిగే మందుల కొలతలు, గ్యాస్ బండ మార్చిన రోజు, మేక ఈనిన తేదీ, దవాఖానా ఫోన్ నంబరు, అన్నీ వెనక గది గోడ మీద పెన్సిల్‌తో ఉండేవి. "కాయితం పోతది, గోడ యాడికి పోతది?" అనేవాడు మా అబ్బాజాన్. ఆ మాట నమ్మి నేను ఎలా బోల్తాపడ్డానో చెబుతాను.

జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే దారిలో మాది ఫొటో స్టూడియో. ముందు గది స్టూడియో, వెనకవి ఇల్లు. అబ్బాజాన్ సైకిల్ మీద కెమెరా పెట్టుకుని గూడేలన్నీ తిరిగిన మనిషి. ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరి ఫొటో తీసినా పలక మీద సుద్దముక్కతో ఊరి పేరు, తేదీ రాసి, ఆ ఇంట్లో అందరికంటే చిన్న పిల్ల చేతికిచ్చి ముందు నిలబెట్టేవాడు. ఏ ఫొటో ఎవరిదో తర్వాత వెతుక్కోవడానికి. పెళ్లికొడుకు పక్కన పలకేందని జనం నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, పలక లేకుండా ఆయన మీట నొక్కేవాడు కాదు.

ఆయన పోయాక స్టూడియో నా చేతికొచ్చింది. ఆడపిల్ల ఏం నడుపుతుందిలే అన్నవాళ్ల ఇళ్లల్లో పెళ్లిళ్లకే వెళ్లి ఫొటోలు తీశాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అమ్మీ అంటుంది. ఉంటే ఉంది, దానితోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. నెగెటివ్‌ల పెట్టెలు తెరిచి చూస్తే సగం చెమ్మకు అతుక్కుపోయి ఉన్నాయి. మిగిలినవాటిని ఒక్కొక్కటే స్కాన్ చేశాను. రెండు వానాకాలాలు పట్టింది. ఆ తర్వాత ఆ నెగెటివ్‌లూ పొరలు లేచి పనికిరాకుండా పోయాయి. ఇక అబ్బాజాన్ కష్టమంతా నా కంప్యూటర్‌లోనే ఉంది.

పిడుగుల ఊళ్లో కంప్యూటర్‌ని నమ్మేంత పిచ్చిదాన్ని కాదు. ఇంటర్నెట్‌లో దాచడం నేర్చుకున్నాను. అదీ ఊరికే పంపడం కాదు. నేను ఎంచుకున్న పద్ధతిలో ఫొటోకి ఇక్కడే, నా కంప్యూటర్‌లోనే తాళం పడుతుంది. తాళంతోనే బయలుదేరుతుంది. దాచిపెట్టే కంపెనీవాళ్లకి పెట్టె కనబడుతుంది గాని లోపల ఏముందో కనబడదు. గూడెం ఆడవాళ్లు, బాలింతలు, పసిపిల్లలు మమ్మల్ని నమ్మి దిగిన ఫొటోలవి. ఎవడో ఎక్కడో కూర్చుని చూస్తానంటే నేనెందుకు ఊరుకుంటాను?

ఆ తాళానికి చెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. ఒకదానికొకటి పొంతన ఉండదు, వరస తప్పకూడదు. అవి పోగొట్టుకుంటే మేము కూడా ఏమీ చేయలేమని, కంప్యూటర్‌లోగాని ఫోన్‌లోగాని పెట్టుకోవద్దని, రాసి భద్రంగా ఉంచుకోమని తెర మీద ముందే చెప్పారు. భద్రంగానే ఉంచాను. వెనక గదిలో, తలుపు తెరిస్తే దాని చాటుకు పోయే చోట, వడ్రంగి పెన్సిల్‌తో గోడ మీద పన్నెండూ రాశాను. మా దగ్గర సిగ్నల్ గాలి వాటాన్ని బట్టి వస్తుంది, అందుకని ఫొటోలన్నీ ఎక్కడానికి నెలలు పట్టింది. ఆఖరిది ఎక్కిన రోజు అమ్మీతో సేమ్యా ఖీర్ చేయించుకుని తిన్నాను. అప్పట్నుంచి స్టూడియోకి పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లకి కూడా ఫొటోలు ఎలా దాచుకోవాలో నా క్లాసు తప్పేది కాదు.

మొన్న ఎండాకాలం ఒక కోయ ఆమె వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. చేతిలో వెదురు గొట్టం, ఇన్నాళ్లూ ఇంటి కప్పులో దోపి ఉంచిందట. అందులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. ఫొటో అనడానికి ఏమీ లేదు. ఒక మూల మాత్రం మిగిలింది, తక్కినదంతా చెదల మట్టి.

"అక్కా, మీ నాయిన తీసిన ఫొటోనే. ఇంకోటి తీసియ్యొస్తదా?" అంది.

ఎందుకని అడిగితే చెప్పింది. వచ్చే వారం వాళ్ల ఊళ్లో గ్రామసభ. పోడు చేనుకు పట్టా కావాలంటే ఎన్నేళ్లుగా దున్నుతున్నారో రుజువు చూపాలి. "మా నాయిన లేడు. పక్క చేను ముసలాయిన సుత లేడు. చెప్పెటోళ్లు ఎవ్వరు లేరక్కా. కొత్త పంట తినే కొత్తల పండుగనాడు మీ నాయిన మా చేన్ల ఫొటో తీసిండు. ఎనక ఏనుగు బండ ఉంటది. పలక మీద తేదీ ఉంటది. అది లేకపోతే చేను నాది కాదంటరు."

నేను జాలిపడాల్సింది పోయి కోప్పడ్డాను. "ఫొటోను గొట్టంల పెట్టి ఇంటి కప్పుల దోపుతరా ఎవరన్న? చెదలు తినక ఏం చేస్తయి? గదే నా దగ్గరైతే పిడుగు పడ్డా పోదు," అన్నాను. ఆమె మిగిలిన మూలను మళ్లీ గొట్టంలో పెట్టుకుంది. ఆ పూట కరెంటు లేదు. ఎల్లుండి సంతకు వచ్చినప్పుడు తీసుకుపొమ్మని మాటిచ్చాను.

నా నోరు ఎంత మంచిదంటే, ఆ సాయంత్రమే గాలివాన వచ్చి పక్కింటి తాడిచెట్టు మీద పిడుగు పడింది. కంప్యూటర్, దానికి తగిలించి ఉన్న డిస్కు రెండూ మాడిపోయాయి. అమ్మీ తల పట్టుకుంది. నేను మాత్రం నవ్వాను, నిజంగానే నవ్వాను. పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం పోయాను. రిపేరు షాపతను డిస్కు విప్పి చూసి, "ఇందుల ఏం మిగల్లేదు మేడం," అన్నాడు. "నాకేం అక్కర్లేదు," అని చెప్పి వేరే కంప్యూటర్ కొనుక్కుని ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అన్నీ బిగించి తెరిస్తే, పన్నెండు మాటలు కొట్టమని అడిగింది. వెనక గదికి పోయి తలుపు జరిపాను. గోడ తెల్లగా ఉంది.

రంజాన్ ముందు అమ్మీ ఇల్లంతా సున్నం కొట్టించింది. గది వెలుగొచ్చిందని మెచ్చుకున్నదాన్ని కూడా నేనే. కంప్యూటర్ ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆ మాటలు నాకు గుర్తే రాలేదు. తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అంటారే, అచ్చం అదే. అమ్మీ మీద విరుచుకుపడ్డాను. మేమిద్దరం ఉర్దూలోనే పోట్లాడుకుంటాం, ఆమె అన్నది తెలుగులో చెబితే ఇంతే: "పండగ పూట గోడల నిండ పిచ్చి గీతలుంటె కొట్టియ్యనా మరి?"

"అబ్బాజాన్ మందుల కొలతలు కూడా కొట్టేయించావా?"

"అవి నాకు నోటికొచ్చు. నీవి నువ్వెందుకు నేర్చుకోలే?"

కూర్చుని గుర్తు చేసుకుంటే నాలుగు మాటలొచ్చాయి, వాటికీ వరస తెలియదు. అబ్బాజాన్ జీవితమంతా నేను నా చేత్తో తాళం వేసి, చెవి సున్నంలో కలిపేశాను. ఫొటోలు పోయాయన్న దిగులు ఒకటైతే, పిడుగు పడ్డా పోదని ఆ కోయ ఆమెతో అన్న మాట ఇంకా ఎక్కువ కోసింది.

చెప్పిన రోజున, సంత సంచి భుజాన వేసుకుని ఆమె వచ్చింది. దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను తిట్టినా పడేదాన్ని. ఆమె సంచి కింద పెట్టింది. తర్వాత, "ఆ గోడ యాడుంది?" అంది.

చూపించాను. అరచేత్తో రుద్దింది, చేతికంటిన తెలుపు చూసుకుంది. "ఎన్ని పూతలేసిండ్రు?"

"ఒక్కటే," అంది అమ్మీ.

"జరన్ని నీళ్లియ్యుండ్రి." చెంబు అందుకుని, చేత్తో మెల్లగా గోడకు చిలకరించింది. "మా ఇంటి గోడలకు నేనే పూస్త అక్కా. పాత ముగ్గు మీద పలచగ సున్నమేస్తే ఆరినంక కనబడదు. వానకు తడిసిందనుకో, మళ్ల తేలుతది."

సున్నం తడిసి, తెలుపు తగ్గి బూడిద రంగుకు తిరిగింది. దాని కింద నా చేతిరాత లేచి వచ్చింది. ఆరితే మళ్లీ దాక్కుంటాయి కాబట్టి ఆమె చిలకరిస్తూనే ఉంది, అమ్మీ టార్చి పట్టింది, నేను దొరికిన పలక తీసుకుని సుద్దముక్కతో రాసుకున్నాను. అబ్బాజాన్ పలకే అది. ఏడో మాట దగ్గర పెచ్చు ఊడి రెండక్షరాలు పోయాయి. ఒకటి ఊహించి కొడితే తప్పంది. ఇంకోటి కొట్టాను. తెరుచుకుంది.

ఆమె ఫొటో ఇంటర్నెట్ నుంచి దిగిరావడానికి పావుగంట పట్టింది. మా సిగ్నల్‌కి బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా వచ్చింది. ముందు ఆకాశం, తర్వాత గుట్ట, ఏనుగు బండ, జొన్న కంకులు, వాటి మధ్య నడుముకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ మనిషి. "మా నాయిన," అందామె. ఆఖర్న పలక వచ్చింది. నా కళ్లు తేదీ మీదే ఉన్నాయి, పలక పట్టుకున్న పిల్లని సరిగ్గా చూడలేదు. తేదీ చదివి వినిపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఒప్పుకుంటాను.

రెండు ప్రింట్లు తీసి లామినేషన్ చేసిచ్చాను. వెళ్తూ వెళ్తూ ఆమె, "మళ్ల సున్నమేస్తే జెర చెప్పుండ్రి," అంది అమ్మీతో. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. నవ్వే హక్కు వాళ్లకుంది. ఇప్పుడా పన్నెండు మాటలు రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఎక్కడో చెప్పను, గోడ మీద మాత్రం లేవు.

గ్రామసభకు నేనూ పోయాను. ఆ ఫొటో మా దగ్గర దాచినదేనని, తీసింది మా అబ్బాజానేనని చెప్పడానికి. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న పట్టాల ఆఫీసరు సారు ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. బండ సరే, తేదీ సరే అన్నాడు. "అప్పుడు చేన్లో ఉన్నవాళ్లు ఎవరన్నా సాక్ష్యం చెప్తరా? ఈ పెద్దాయన లేడంటున్నరు. మరి ఈ పలక పట్టుకున్న పిల్ల ఎవరు? యాడుంటది?"

జనంలోంచి లేచి ఆమె ముందుకొచ్చింది. బల్ల మీది ఫొటో తీసుకుని రెండు చేతులతో ఛాతీకి ఆనించి, అబ్బాజాన్ నిలబెట్టినట్టే నిలబడింది.

"నేనే సారు," అంది.

సారు ఫొటోలోని పిల్లను, ఆమె మొహాన్ని ఒకటికి రెండుసార్లు చూశాడు. తర్వాత పెన్ను తీసి రాసుకున్నాడు.