వెలుగనుకుని వేడి పెట్టుకున్నాను

కమురు వాసన వచ్చింది. స్టవ్ మీద ఏదో మాడిందనుకున్నాను. కిందికి చూస్తే మాడుతున్నది నా కుడి పాదం. నొప్పి మాత్రం లేదు.

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఏసీలు బాగుచేసేవాణ్ణి. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. అంతకు రెండు నెలల ముందు ఒక సాయంత్రం సేఫ్టీ షూ విప్పితే సాక్సు నెత్తురుతో తడిసి ఉంది. లోపల, చిటికెన వేలి కింద చిన్న స్క్రూ. పొద్దంతా దాని మీదే నడిచాను.

"న్యూరోపతి. కాలికి స్పర్శ పోయింది" అన్నారు డాక్టర్. ఎక్స్‌రే తీశారు. "ఎముక బాగానే ఉంది. పుండు మానకపోతే మాత్రం వేలు తీసేయాలి."

డ్రెస్సింగ్‌తో పాటు నియర్ ఇన్‌ఫ్రారెడ్ లైట్ పెట్టారు. కట్టు కట్టే నర్సు రూతమ్మది కాకినాడ వైపు.

"కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఇరుక్కుని ఉంటుందంట అన్నయ్యా. ఈ లైటు దాన్ని వదిలిస్తుందంట. అప్పుడు కొత్త కణాలు పుండు అడుగున గట్టిగా అతుక్కుంటాయంట. అవి అతుక్కుంటేనే కదండీ చర్మం పాకేది."

"లైటు గింత పని చేస్తదా అమ్మా?"

"ల్యాబులో చేసిందంటండీ. మీ కాలు మాట వింటుందో లేదో చూద్దాం."

పుండు అంచులు గులాబీ రంగుకు వచ్చాయి. అంతలో, సౌదీ ఉద్యోగులు చాలినంతమంది లేరని నితాకత్ అనే అక్కడి కోటా రూలు కింద మా కంపెనీ రెడ్ లిస్టులో పడింది. అక్కడ ఉండడానికి కావలసిన నా ఇకామా కార్డు రెన్యూ కాలేదు. దాంతో ఇన్సూరెన్స్ కార్డూ ఆగింది, లైటూ ఆగింది. గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ఐదుగురు ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోయారు. వాళ్లు వదిలిన రూమ్ హీటర్ ఎర్రగా వెలిగేది. హాస్పిటల్ లైటూ ఎర్రగానే కనిపించేది కదా అని, కట్టు విప్పి రోజూ పాదాన్ని దాని ముందు పెట్టాను. ఎవరైనా ఉంటే "ఏందన్నా, కాలు కాల్చుకుంటున్నవా" అనేవారు. ఖాళీ మంచాలు ఏమంటాయి? నాలుగో రోజు వాసన వచ్చింది.

కంపెనీ రెడ్‌లోంచి బయటపడి నా ఇకామా వచ్చాక హాస్పిటల్‌కు వెళ్లాను. రూతమ్మ నోరు నొక్కుకుంది.

"కాలనుకున్నారా, మొక్కజొన్న పొత్తనుకున్నారా అన్నయ్యా? ఇది వెలుగండీ, వేడి కాదు!"

చాలా రోజుల తర్వాత నాతో తెలుగులో ఎవరో కోప్పడ్డారు. చిటికెన వేలు తీసేశారు. మళ్లీ లైటు పెట్టారు. కదలొద్దన్నారు. మూడు నెలలకు పుండు మూసుకుంది.

ఇప్పుడు స్టోరులో కూర్చుని చేసే పని. షుగర్ ఉన్నవాళ్లకు ఒక్క మాట: స్పర్శ లేని కాలికి కాపడం పెట్టకండి. రోజూ పాదాన్ని ఎవరికైనా చూపించండి. ఎవరూ లేకపోతే ఫోనుతో అడుగు భాగం ఫొటో తీసి మీరే చూసుకోండి. నేను చేస్తున్నది అదే.

పుండు మాన్పింది వెలుగా, విశ్రాంతా అని డాక్టర్‌ను అడిగాను. "చెప్పలేను" అన్నారు. పాదానికి స్పర్శ ఇంకా రాలేదు.