వదిన చేత పారబోయించిన మీడ్

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. చిన్న అబద్ధమే. ఎవరూ చావలేదు, ఎవరి కొంపా కూలలేదు. అయినా ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత మామూలుగా ఉందో గుర్తొస్తే నేనంటే నాకే భయం వేస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

ఆమెను వదిన అంటాను, ఆమె కూడా నన్ను అలాగే పిలుస్తుంది. చుట్టం కాదు. దేశం విడిచి ఈ హాలిఫాక్స్ ఊరికి వచ్చిన కొత్తలో బస్టాపులో పరిచయమైంది. అనంతపురంలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన మనిషి, ఇక్కడ ఒక స్టోర్‌లో కూరగాయలు సర్దుతుంది. నేను మన దేశంలో బ్యాంకులో కూర్చుని లెక్కలు చూసేదాన్ని, ఇక్కడ ఒక బేకరీ వెనక గదిలో ట్రేలు కడుగుతాను. ఇద్దరం ఒకే బురదలో ఉన్నామన్న ధైర్యంతోనే మా స్నేహం నిలబడిందేమో. అప్పట్లో నాకు అలా తోచలేదు.

వదిన ఇంట్లో మీడ్ చేసేది. తేనెను నీళ్లలో కలిపి, ఈస్టు వేసి, నెలల తరబడి పులియబెట్టి తీసే మద్యం అది. తమాషా ఏమిటంటే, ఆమె మందు చుక్క నోట పెట్టి ఎరగదు. ప్రసాదం వండేటప్పుడు రుచి చూడకూడదు కదా. పుట్టింట్లో ఆ మడి వంటలు చేసీ చేసీ, గిన్నె మీది ఆవిరి పట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం నేర్చుకుంది. మీడూ అంతే. జాడీ మూత తీసి, అరచేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని, ఇంకో నెల ఆగాలనేది. తాగేవాళ్లెవరూ ఆ లెక్క తప్పిందనలేదు.

మీడ్‌కు మంచి వాసన కోసం కలిపే వెనిల్లా నా వంతు. కాయలు కొనే స్తోమత మాకు లేదు. చౌక ఎసెన్సు పోస్తే దగ్గు మందులా ఉండేది. మా బేకరీలో కాయను చీల్చి గింజలు గీక్కుని తొక్కలు పారేస్తారు. అడిగి అవి తెచ్చేదాన్ని. వదిన వాటిని కడిగి, ఆరబెట్టి, ఖాళీ ఆవకాయ సీసాలో కొంచెం వోడ్కా పోసి నెల రోజులు నానబెట్టేది. కొత్త కాయ ఒకటి చాలే చోట మా తొక్కలు ఏడెనిమిది పట్టేవి. మీడ్ పులియడం పూర్తిగా ఆగాకే ఆ తొక్కలు నానిన వోడ్కా కలపాలి, ముందే కలిపితే బుడగలతో పాటు వాసనా పోతుంది. ఇదంతా కనిపెట్టింది ఆమె. తొక్కలు మోసింది నేను. ఈ తేడాను నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

వదినకు తేనె అమ్మే ముసలావిడ ఒకామె ఊరికి గంట దూరంలో తేనెటీగలు పెంచుతుంది. అప్పట్లో లైసెన్సు తెచ్చుకుని, మీడ్ చేసి అమ్మే షెడ్డు పెట్టబోతూ ఉండింది. వదిన ఇచ్చిన సీసా తాగి, వెనిల్లా వేసిన కొత్త బ్యాచ్ శనివారం తెమ్మంది. అదీ ఇలాగే కుదిరితే షెడ్డు నువ్వే చూసుకో అంది. పదేళ్లలో ఈ దేశంలో వదిన చదువుకు తగిన పని చూపించింది ఆవిడ ఒక్కతే.

ఆ చలికాలమే వదినకు జ్వరం వచ్చి వాసన పోయింది. పోపు మాడినా తెలిసేది కాదు. కొత్త బ్యాచ్ ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి ఆమెకు ముక్కు లేదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం నన్ను పిలిచింది. ఇంకెవరినైనా అడగొచ్చుగా అని మీరనొచ్చు. వాళ్లాయన తాగరు, పైగా డ్యూటీలో ఉన్నారు. అసలు ఆమెకు ఇంకెవరినైనా అడగాలన్న ఆలోచనే వచ్చి ఉండదు. నన్ను అంతగా నమ్మింది.

బేస్‌మెంట్ మెట్లు దిగుతూ ఆమె అంది: “నేను ఆ షెడ్డులో కుదురుకుంటే నీకూ ఏదో ఒకటి చూస్తాలే వదినా. సీసాలు కడిగేదానికైనా మనిషి కావాల గదా.”

ప్రేమగానే అంది. అది నాకు అప్పుడూ తెలుసు.

చిన్న గ్లాసులో పోసి ఇచ్చింది. తాగాను. అంత మంచి మీడ్ ఆమె అంతకు ముందెప్పుడూ చేయలేదు. తేనె ఘాటు తగ్గి, వెనిల్లా మెత్తగా గొంతు దాకా దిగింది.

“ఎట్లుంది? దాచకుండా చెప్పు.”

“పాడైపోయింది వదినా. కుళ్లిన గుడ్డు కంపు.”

ఆమె వెంటనే తలూపింది. అది నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. చదువుకున్న మనిషి కదా, నా అబద్ధానికి తనే కారణం వెతికి పెట్టింది. “ఈస్టుకు తిండి చాలకపోతే అట్లనే అవుతుంది. రాగి తగిలితే పోతుంది, ఉండు,” అంటూ పైకి పరుగెత్తి, పూజ గదిలోంచి రాగి గ్లాసు తెచ్చింది. అందులో మీడ్ పోసి తిప్పి, నా చేతికిచ్చి, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

“ఇప్పుడు?”

ఎంత సులువుగా బయటపడొచ్చో చూడండి. పోయింది వదినా, బాగుంది, అంటే చాలు. నా అబద్ధం కూడా నిజమైపోయేది. ఆమె నాకు దణ్ణం పెట్టినా పెట్టేది. ఆ గ్లాసు పట్టుకుని నేను నిజంగానే ఆలోచించాను. నోరు జారలేదు, కోపంలో అనలేదు. ఆలోచించే అన్నాను.

“లేదు వదినా. ఇంకా ఉంది. ఆవిడకు ఇది ఇస్తే పరువు పోతుంది.”

ఇద్దరం కలిసే పారబోశాం. జాడీ అడుగు నేను ఎత్తి పట్టుకున్నాను, ఆమె దాని మెడ వంచింది. ఇరవై లీటర్లు. నేల మీది డ్రెయిన్‌లోకి పోతుంటే గది నిండా వెనిల్లా, తేనె వాసన. నా జుట్టుకు పట్టింది, కోటుకు పట్టింది. కంపు మరీ ఎక్కువగా ఉంటే కిటికీ తీయమంటావా అని ఆమె నన్ను అడిగింది. తీయమన్నాను.

నా ముందే ముసలావిడకు ఫోన్ చేసి, తన ముక్కు పనిచేయడం లేదని, ఈ పని ఇక చేయలేనని చెప్పింది. షెడ్డులోకి వేరే ఎవరో వచ్చారు. వదిన ఇప్పటికీ కూరగాయలే సర్దుతోంది. జాడీలు ఎవరికో ఇచ్చేసింది.

అక్కడితో ఆగి ఉంటే అసూయ అని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆగలేదు. వాసనతో పాటు రుచీ మందగించింది కాబట్టి, ఎవరైనా భోజనానికి వస్తే వడ్డించే ముందు గరిటె నా చేతికిచ్చి ఉప్పు చూడమంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నా, కొన్నిసార్లు, కొంచెం తగ్గింది వదినా అంటాను. ఆమె కంగారుగా ఉప్పు వేస్తుంది. తినేవాళ్లు ఏమీ అనరు, నీళ్లు ఎక్కువ తాగుతారు. నేను చూస్తూ కూర్చుంటాను. ఎందుకు చేస్తాను? ఆమె నన్ను ఏం చేసిందని? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఆమె నా మాట కోసం ఎదురుచూసే ఆ క్షణం నాకు ఇష్టం. ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

పోయిన వారం ఫోన్ చేసింది. ఇంగువ డబ్బా మూత తీస్తే వాసన తగిలిందట. ఏడుస్తూ చెప్పింది. డాక్టరు మెల్లమెల్లగా అంతా తిరిగి రావచ్చన్నాడట. చాలా సంతోషం వదినా అన్నాను. ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చుండిపోయాను. సంతోషం లేదు. పట్టుబడతానన్న భయం కూడా కాదు, నిరూపించడానికి ఏమీ మిగల్లేదుగా.

ఆమెకు చెప్పను. చెబితే క్షమిస్తుంది, అలాంటి మనిషి. ఆ క్షమను మోస్తూ ఆమె ముందు తిరగడం నా వల్ల కాదు. ఇప్పటి దాకా ఎవరితోనూ అననిది ఇంకొక్కటి ఉంది, అది కూడా రాసేసి లేస్తాను. ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి, ఆమె ముక్కు పూర్తిగా బాగుపడకూడదని రోజూ కోరుకుంటున్నాను.