మా ఇంట్లో కోర్టు ఇంగ్లీషు

మా నాన్న నందిగామలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. పొద్దున్నే చిల్లకల్లులో బస్సెక్కి వెళ్లి, సాయంత్రం ఏదో ఒక కొత్త ఇంగ్లీషు మాటతో ఇంటికొచ్చేవాడు. ఆ మాట ఇంట్లో వాడితే గాని ఆయనకి అన్నం సయించేది కాదు. పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, "ప్రైమా ఫేసీ ఉప్పు తగ్గింది" అనేవాడు. అంటే పైకి చూడగానే తోచేదట. పప్పులో ఉప్పు పైకి చూస్తే ఎలా తెలుస్తుందో ఆ భగవంతుడికే తెలియాలి.

అమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా వడ్డిస్తూ ప్రతి మాటకీ అర్థం అడిగేది. అలా అడిగితే నాన్నకి ఎక్కడలేని ఉత్సాహం, కేసుతో సహా విడమరిచి చెప్పేవాడు. ఎక్స్‌పార్టీ అంటే ఏమిటో చెప్పిన రోజు ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కబురు పెట్టినా కోర్టుకి రానివాడి పరోక్షంలోనే తీర్పు చెప్పేస్తారని విని, రానివాడిదే తప్పన్నమాట అంది.

మా ఊరి బడిలో చదువు ఎనిమిదో తరగతితో సరి. ఆపైన జగ్గయ్యపేట వెళ్లాలి. వెళ్లాలని నాకు ప్రాణం కొట్టుకునేది. ఆడపిల్ల రోజూ బస్సులో వెళ్లివస్తే నలుగురూ ఏమంటారోనని నాన్న భయం. కాదనలేడు, సరే అనలేడు. ఎప్పుడడిగినా "అడ్జర్న్డ్" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నాన్చుడికి ఇంగ్లీషు పేరు పెడితే గౌరవం వస్తుందా?

హైస్కూల్లో చేర్చుకునే ఆఖరి రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం బస్సుకి వచ్చి ఏ సంగతో తేల్చమని అమ్మ పొద్దున్నే నాన్నకి చెప్పి పంపింది. నందిగామ నుంచి బస్సు వచ్చింది. నాన్న దిగలేదు. అది జగ్గయ్యపేట వెళ్లే బస్సే. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని అందులోనే ఎక్కించింది. బళ్లో నాన్న సంతకం పెట్టాల్సిన చోట తన వేలిముద్ర వేసి నన్ను చేర్పించింది.

సాయంత్రం నాన్న రాగానే కాళ్లకి నీళ్ల చెంబు అందించి, నెమ్మదిగా చెప్పింది.

"మీరు వాయిదాకి రాలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేసా. పిల్ల పేట బళ్లో చేరింది."

నాన్న చెంబు పట్టుకుని అరుగు దగ్గరే ఉండిపోయాడు. నేను తలుపు చాటు నుంచి తొంగి చూస్తున్నాను. కోర్టులో ఓడినవాడే అవతలివాడి ఖర్చులు కూడా కట్టాలని మా అందరికీ ఆయనే ఎప్పుడో చెప్పాడు. చివరికి అదే అడిగాడు.

"ఖర్చులతో సహానా?"

"ఖర్చులతో సహానే. బస్సు చార్జీ, పుస్తకాలు మీవి."

ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి అన్నం పెట్టమన్నాడు. ఆ పూట ఉప్పు గురించి ఏమీ అనలేదు.

బడి తెరిచిన రోజు సాయంత్రం నేను బస్సు దిగేసరికి అమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది. నా కోసం భయపడి వచ్చిందనుకున్నాను. దగ్గరకొచ్చి నా చేతిలో పుస్తకాలు అందుకుని, "ఇవాళ ఏం మాట చెప్పారే?" అని అడిగింది.