పేషెంట్ గాడిద, ఓవర్

2006 ఏప్రిల్. మా విమానం అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ మట్టి రన్‌వే మీద దిగింది. రెండున్నర వేల మీటర్ల ఎత్తు. నాలుగు మెట్లు దిగేసరికే ఆయాసం. కొండల మీద మంచు, కింద బురద. నేను న్యూజిలాండ్ సైన్యంలో మెడిక్‌ని. ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో పెరిగిన తెలుగు అమ్మాయిని.

మూడో వారం ఓ కొండ ఊరికి గస్తీ వెళ్లాం. బండి సగం దారిలోనే ఆగిపోయింది. మందుల పెట్టెలు మోసుకుంటూ పైకి నడిచాం. ఓ గోడ పక్కన టార్పాలిన్ కట్టి ఆడవాళ్లను చూడటం మొదలుపెట్టాను. ఓ నడివయసు స్త్రీ వచ్చి కూర్చుంది. మోకాళ్లు వాచిపోయి ఉన్నాయి. చెయ్యి వేయబోతే కాళ్లు వెనక్కి లాక్కుంది.

"తన కాళ్లకేం తొందర లేదంట. ముందు గాడిదను చూడమంటోంది," అంది మా దుబాసీ. "భర్త లేడు. నీళ్లు, కట్టెలు, సంతకు బంగాళాదుంపలు, అన్నీ దాని మీదే. అది కూలబడితే ఇల్లు గడవదు."

గోడ అవతలే ఉంది గాడిద. జీను ఎత్తి చూస్తే వెన్ను మీద అరచేతంత పుండు.

రేడియో గరగరలాడింది. కింద బండి దగ్గరున్న మా సార్జెంట్.

"ఎందుకింత ఆలస్యం? ఓవర్."

"ఇంకో పేషెంట్ ఉంది. గాడిద. ఓవర్."

రేడియో మళ్లీ గరగరలాడింది.

"పావుగంట. వెనకవైపు నిలబడకు, తన్నుతుంది. ఓవర్."

పశువైద్యం నాకు రాదు. కానీ అలాంటి పుండు తెలుసు. మా అమ్మ రెస్ట్‌హోమ్‌లో నర్సు. మంచం పట్టిన ముసలివాళ్ల పుళ్ల గురించి అన్నం తినేటప్పుడు కూడా చెప్పేది: "మందు సంగతి తర్వాతే. ముందు అక్కడ ఒత్తిడి పడకుండా చూడాలి."

ఉప్పునీళ్లతో కడిగి శుభ్రం చేశాను. గాడిద ఒళ్లు వణికింది గానీ తన్నలేదు. ఆమె దాని నుదుటికి తన నుదురు ఆనించి ఏదో చెబుతూనే ఉంది.

"మానేదాకా బరువు వెయ్యొద్దని చెప్పు," అన్నాను. అది దుంపలు నాటే కాలం, మోతలు ఎక్కువ. అనడం నాకు తేలికే. ఆమె పుండుకేసి చూసింది, నాకేసి చూసింది, తలూపింది. అప్పుడు మోకాళ్లు చూడనిచ్చింది.

అక్టోబరులో ఆక్లాండ్ తిరిగొచ్చాను. "చిక్కిపోయావే," అంటూ ఎయిర్‌పోర్టులోనే అమ్మ ఏడ్చేసింది. చర్చిలో ఆంటీలు, భయమెయ్యలేదా అని అడిగారు. వేసింది. ఆ భయాలు ఇప్పుడు పెద్దగా గుర్తు రావు.

గుర్తొచ్చేది ఒక్కటే. గాడిదకు వైద్యం చేసిన పది రోజులకు సంత దారిలో ఆమె ఎదురైంది. బంగాళాదుంపల మూట ఆమె వీపు మీదే ఉంది. నడుం వంచి ఒక్కో అడుగే వేస్తోంది. వెనకాలే గాడిద, తాడు లేకుండా, వట్టి వీపుతో.